మూడు నిదానంగా, రెండు గబగబా

1. నీళ్ళు: చల్లన. గాలి: దక్షిణం. పిల్ల: బాగుంది.

కాపు కాసినవాళ్ళు ఈ పుస్తకంలో నీరు, గాలి, పిల్ల, ఈ మూడింటి సంగతీ రాస్తే చాలు. నాకు అంత పొదుపు చేతకాదని ఊరందరికీ తెలుసు. పైగా ఈ పూట రాయాల్సింది వేరే ఉంది. మా అమ్మమ్మ దాలమ్మ నిన్న పొద్దున్న కాపు మీదే పోయింది. చెయ్యి పలక మీద ఉంది, చూపు నీళ్ళలో ఉంది. పక్కనే కూర్చుని వంకాయలు తరుగుతున్న నాకు, చప్పుడు ఆగాక గానీ తెలియలేదు.

పలక అంటే మా తెప్ప అడుగున నీళ్ళలో వేలాడే రేకు. పైనుంచి వేలితో కొడితే కింద తిమింగలాలకి వినిపిస్తుంది. పలక పక్కన చెవి ఉంటుంది. అది వాటి టకటకలు పైకి గట్టిగా వినిపించి, పలికింది ఎవరో పేరు చూపిస్తుంది. ఆ పలుకుకి అర్థం మాత్రం చెప్పదు. అదీ చెప్పే యంత్రం తెస్తామని ఒడ్డువాళ్ళు నా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నారు.

పని చిన్నదే. తిమింగలం తల్లి మేతకి లోతుకి దిగితే ఓ పట్టాన పైకి రాదు. పిల్ల అంత లోతు దిగలేదు. ఎవరో ఒకరు పైన ఉండాలి. వాళ్ళలో అయితే ఏ పిన్నో పెద్దమ్మో మేత మానుకుని ఉంటుంది, ఆకలేస్తే తన పాలే ఇస్తుంది. మా అమ్మమ్మ వయసులో ఉండగా ఆ వంతు తను పుచ్చుకుంది. సొరచేపలు రాకుండా చూస్తూ, 'ఉన్నాను, ఉన్నాను' అన్నట్టు పలక మీద కొడుతూ కూర్చుంటే, కింద తల్లులందరూ నిశ్చింతగా తిని వస్తారు. అందుకు బదులుగా తుఫాను వచ్చే ముందు వాళ్ళ పెద్దావిడ మా తెప్పలు కట్టిన తాళ్ళ కింద హెచ్చరికగా తోకతో కొడుతుంది. ఆ పెద్దావిడని అమ్మమ్మ 'వదినా' అని పిలిచేది. ఇప్పుడు ఊరంతటికీ ఆవిడ వదినే.

కాపు కాసే ప్రతి మనిషికీ ఒక పిలుపు ఉంటుంది. అమ్మమ్మది మూడు నిదానంగా, కాస్త ఆగి, రెండు గబగబా. వదిన కుటుంబం దానికే బదులు పలుకుతుంది. నేనూ నాలుగేళ్ళ నుంచి నా పిలుపు కొడుతున్నాను. ఒక్కరంటే ఒక్కరు పలకలేదు. "నిన్ను పనిమనిసి కింద జమకట్టేసినార్లే పరదేశీ" అని పక్క తెప్ప అసిరి ఏడిపిస్తుంది. నా తర్వాతి కాపు తనది. తనకీ ఎవరూ పలకరు, ఆ సంగతి ఎత్తదు.

అమ్మమ్మని పలక పక్కనున్న ఐసు గదిలో పడుకోబెట్టాం, వంజరం చేపల పక్కన. మట్టిపడవ వచ్చేదాకా అక్కడే ఉండాలి. ఆ పడవ ఒడ్డు నుంచి మా కూరల తొట్లకి మట్టి బస్తాలు తెస్తుంది, వెళ్ళేటప్పుడు మాలో పోయినవాళ్ళని కొండమీద పాతడానికి తీసుకెళుతుంది. పాత గవ్వలపాలెం నేను పుట్టకముందే సముద్రంలో కలిసిపోయింది. ఈ తెప్పల మీది కొత్త గవ్వలపాలెంలో, నేలమీద పుట్టినవాళ్ళలో అమ్మమ్మే ఆఖరు. "బతుకంతా ఊగినాను, సచ్చాకైనా కదలకుండా తొంగుంటాను, నన్ను మట్టిలోనే ఎట్టండి" అని మా కొర్లయ్య మామ చేతిలో చెయ్యి వేయించుకుంది. మామ ఆవిడకి ఒక్కడే కొడుకు, ఊరికి పెద్ద.

మాలో మనిషి పోతే మట్టి పడేదాకా గొంతు ఆపరు. పోయినవాళ్ళ మాటలో, పాటో, తిట్లో, పెట్టెలో పట్టి ఉంచినవి ఇంటి ముందు వినిపిస్తూనే ఉంటాయి. మట్టి పడకుండా గొంతు ఆగితే మనిషికి దారి తెలియదంటారు. అమ్మమ్మకి మామ గొంతు పెట్టెతో ఊరుకోలేదు. "మాయమ్మ మనతో మాటాడిందేటే? మాటాడిందంతా ఆటితోనే" అని, ఆవిడ పిలుపుని కూడా పెట్టెలోంచి పలకకి కలిపాడు. కాపు కాసేవాళ్ళు పోవడం మా ఊళ్ళో ఇదే మొదలు. ఎవరికీ తప్పు తోచలేదు. నాకైతే ఆ చప్పుడు వింటుంటే ఆవిడ పక్కనే ఉన్నట్టు ప్రాణం కుదుటపడింది.

2. నీళ్ళు: చల్లన. గాలి: లేదు. పిల్ల: ఆడుతోంది.

ఈ పొద్దున్న నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కిందికి చూసి అసిరిని కేకేశాను. వదిన కుటుంబం మొత్తం మా ఊరి కింద నిలబడి నిద్రపోతోంది.

వాళ్ళు నిద్రపోవడం నాకు కొత్త కాదు. తల పైకి, తోక కిందికి, నిలువునా ఆగిపోయి, ఊపిరి కూడా మరిచిపోయినట్టు ఉంటారు. కానీ దానికి వాళ్ళ చోటు వేరే ఉంది, దూరంగా, మా వంట చప్పుళ్ళు వినపడని చోట. ఇవాళ తెప్పల కిందే, పందిరి రాటల్లాగా నిలబడ్డారు. మధ్యలో వదిన ఉంది. ఐసు గదికి సరిగ్గా కింద. పైన ఎండ కదిలితే వాళ్ళ వీపుల మీద వెలుగు వల పరిచినట్టు కదిలింది. అసిరి, నేను బోర్లా పడుకుని, అన్నం సంగతి మరిచిపోయి చూశాం.

"మన ఇల్లు ఆటి పక్కమీద కట్టినట్టుంది" అంది అసిరి, గొంతు తగ్గించి.

నాకు ఒళ్ళు తేలిపోయినట్టు అనిపించింది. అమ్మమ్మ ఉంటే ఎంత సంబరపడేదో అనుకున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఈ కుటుంబంలో అందరూ ఆడవాళ్ళే. మగపిల్లలు పెద్దయ్యాక చల్లటి సముద్రాలకి పోతారు, పెళ్ళిళ్ళ వేళకి మాత్రం దర్శనమిస్తారు. ఆ మాట చెబితే ఊళ్ళో ఆడవాళ్ళు 'మన దగ్గర మాత్రం ఏం తేడా ఉంది' అంటారు. వదిన తర్వాత చెప్పుకోవలసింది ఒంటిగీత. దాని నుదుటి మీద పాత గాయం ఒకటే గీతలా ఉంటుంది. దాని కూతురే ఇప్పుడు మేం కాసే పిల్ల. మేం 'గుంట' అంటాం. గుంట ఇంకా పేరు పెట్టుకోలేదు. పసిపిల్లలు నోటికొచ్చినట్టు టకటకలాడి, ఎప్పుడో ఒకరోజు ఒక వరస మీద నిలబడతాయి. అదే జన్మంతా వాటి పేరు. దక్షిణాన ఇంకో జాతి తిమింగలాలు ఉన్నాయి, వాళ్ళ వరసలే వేరు, ఎదురుపడినా వీళ్ళూ వాళ్ళూ పలకరించుకోరు.

పెట్టెలోంచి అమ్మమ్మ పిలుస్తూనే ఉంది. మూడు నిదానంగా, రెండు గబగబా. పిలిచినప్పుడల్లా నిద్రలోంచే ఎవరో ఒకరు బదులిచ్చారు.

3. నీళ్ళు: గోరువెచ్చన. గాలి: ఉత్తరం. పిల్ల: పాలకి పేచీ.

ఉత్తరం నుంచి ఉడుకునీరు బయల్దేరిందని ఒడ్డు నుంచి కబురు. ఏటా వేసవికి ముందు వచ్చేదే. అది వస్తే వాళ్ళు తినే పది చేతుల స్క్విడ్లు, చేపలు అన్నీ లోతుకో దక్షిణానికో పారిపోతాయి. దానికన్నా ముందే వదిన కుటుంబం దక్షిణపు దారి పడుతుంది. ఈపాటికి కదలాలి. కదల్లేదు. మట్టిపడవ కూడా కదల్లేదు, ఒడ్డున అలలు పెద్దవిగా ఉన్నాయట.

మధ్యాహ్నం వదిన ఐసు గది పక్కన పైకి తేలింది. నోట్లోంచి మనిషంత స్క్విడ్ని మెల్లగా జార్చి, తలతో తెప్ప అంచుకి నెట్టింది. కాసేపు ఆగి, ఇంకాస్త నెట్టింది. అది ఇంకా చేతులు ఆడిస్తోంది.

"సూసినావా, మాయమ్మకి పెట్టుపోతలు సేస్తంది" అన్నాడు కొర్లయ్య మామ. కళ్ళు తుడుచుకుని స్క్విడ్కి దణ్ణం పెట్టాడు. అసిరి దాన్ని ఎలా వండాలా అని చూస్తోందని నాకు తెలుసు.

నేను సంబరపడలేకపోయాను. కిందటేడు వాళ్ళలో సన్నతోక అనే ఆవిడకి దవడ విరిగి మేతకి దిగలేకపోతే, ఇలాగే అందరూ చుట్టూ చేరారు. ఇలాగే మేత తెచ్చి నోటి దగ్గర వదిలారు. ఆవిడ కోలుకునేదాకా ఆ చోటు విడవలేదు. పోయినవాళ్ళకి మేత తీసుకురావడం నేనెప్పుడూ చూడలేదు.

వాళ్ళ లెక్కలో అమ్మమ్మ పోలేదు. మా తెప్పల కింద ఎక్కడో జబ్బుపడి, కదల్లేక, పిలుస్తోంది. జబ్బు మనిషిని వదిలి వాళ్ళెలా వెళతారు?

4. నీళ్ళు: వెచ్చన. గాలి: ఉత్తరం. పిల్ల: చిక్కింది.

మామతో గొడవపడ్డాను. పెట్టె ఆపమన్నాను.

"మట్టి పడకుండా గొంతాపితే మాయమ్మ ఏ దారిని పోతాదే? నీకు తిమింగలాలే గావాలా, అమ్మమ్మ అక్కర్నేదా?"

"అమ్మమ్మ ఉంటే ఏటంటాదో నువ్వే సెప్పు మావా. గుంట పాలకి ఏడస్తంటే, నా పేరు పలికించుకుంటా కూకోండి అంటాదా?"

"పడవ రేపో మాపో వత్తాది. అందాకా ఆగు."

నాకు ఆగడం రాదు. మామ తాళ్ళు బిగించడానికి అవతలి తెప్పల వైపు వెళ్ళగానే పెట్టె నోరు నొక్కేశాను. సముద్రం ఒక్కసారి ఖాళీ అయినట్టు అనిపించింది. వాళ్ళూ నిశ్శబ్దం అయిపోయారు. అమ్మయ్య, అర్థమైంది, ఇక వెళతారనుకున్నాను.

అప్పుడు ఐసు గది లేచింది. తెప్పతో సహా, మనుషులతో సహా, నీళ్ళలోంచి నిలువునా లేచింది. కింద వదిన నుదురు. అటు ఒంటిగీత, ఇటు సన్నతోక. ఊపిరాడని పిల్లని గాలికోసం పైకెత్తినట్టు, మా గదిని ఎత్తి పట్టుకున్నారు. తాళ్ళు పటపటమన్నాయి. తలుపు తెరుచుకుని వంజరాలు ఒక్కొక్కటే సముద్రంలోకి జారిపోయాయి.

"మీ అమ్మమ్మ కాదే, మన చేపలు ములిగిపోతన్నాయి!" అని అసిరి అరిచింది. అరుస్తూనే లోపలికి దూకి, అమ్మమ్మ జారకుండా మీద పడి పట్టుకుంది. అందుకు దానికి జన్మంతా రుణపడి ఉంటాను.

మామ పరిగెత్తుకొచ్చి పెట్టె మళ్ళీ పెట్టాడు. మూడు నిదానంగా, రెండు గబగబా. పిలుపు వినగానే వాళ్ళు గదిని ఎంత నెమ్మదిగా దించారంటే, చూరుకి వేలాడే గంట కూడా మోగలేదు.

మామ వెళ్ళి సాగిన తాళ్ళు మళ్ళీ బిగించాడు. వాళ్ళకి గొంతు ఆగడం అంటే చావు కాదు, మునిగిపోవడం. అంతవరకే నాకు అర్థమైంది.

5. నీళ్ళు: ఉడుకు. గాలి: లేదు. పిల్ల: మాట్లాడటం లేదు.

గుంట టకటకలు ఆగిపోయాయి. తల్లి పక్కన చేరి పాలకి మూతి పెడుతుంది, వదిలేస్తుంది. ఒంటిగీత మేతకి దిగడం లేదు, దిగినా ఈ నీళ్ళలో ఏం దొరుకుతుంది? దాని వీపు మీద ఎముకలు కనిపిస్తున్నాయి. ఈ పిల్ల పోతే నేను భరించలేను. కాపు నాది. రోజూ నా కళ్ళముందు ఎండిపోతోంది.

సముద్రం మాత్రం ఏమీ ఎరగనట్టు వెండిలా మెరుస్తోంది. నిద్రపోతున్న వాళ్ళ మధ్య నుంచి బుడగలు పైకి వస్తున్నాయి. వాటిని చూస్తూ కూర్చుంటే అమ్మమ్మ చెప్పిన సంగతి ఒకటి మనసులోకి వచ్చింది. ఒంటిగీతకి మొదటి కాన్పులో పిల్ల చచ్చి పుట్టింది. నేనప్పుడు ఇంకా కాపుకి రాలేదు. తల్లి దాన్ని ముక్కు మీద పెట్టుకుని మోసింది. అలిసిపోతే వదిన మోసింది, తర్వాత మిగతావాళ్ళు. అందరూ తాకారు, అందరూ మోశారు. మోయడం అయ్యాక, ఎవరూ చెప్పకుండానే వదిలేసి వెళ్ళిపోయారు. "తాకితే గానీ ఆటికి తెలీదే. మనకీ అంతే" అంది అమ్మమ్మ.

మామ దగ్గరికి వెళ్ళి అదే చెప్పాను. అమ్మమ్మని వాళ్ళ చేతికి ఇద్దాం అన్నాను.

మామ వెళ్ళి తన నిమ్మచెట్టు ముందు కూర్చున్నాడు. ఊళ్ళో నిమ్మచెట్టు అదొక్కటే. పెద్ద తొట్టిలో ఏళ్ళ తరబడి పెంచితే ఈ ఏడాది ఒకే ఒక కాయ కాసింది. చేపల పులుసు పెట్టుకున్నప్పుడల్లా అమ్మమ్మ ఆ కాయ వైపు చూసేది. మాగనీయమ్మా, మాగనీ అని మామ ఆపేవాడు.

"సేతిలో సెయ్యేసినాను పరదేశీ" అన్నాడు. "మట్టిలో ఎడతానన్నాను. నన్నొక్కటే అడిగిందది, బతుకు మొత్తంలో."

ఆయన పక్కనే కూర్చుని ఏడ్చాను. ఆయనా ఏడ్చాడు.

6. నీళ్ళు: ఉడుకు. గాలి: కొద్దిగా దక్షిణం.

పొద్దున్నే ఏదో ఈడుస్తున్న చప్పుడైతే బయటికి వచ్చాను. కొర్లయ్య మామ నిమ్మచెట్టు తొట్టిని ఐసు గది వైపు లాక్కొస్తున్నాడు. చెట్టుని వేళ్ళతో సహా పెకలించి, తడి గోనెలో చుట్టి, గుమ్మంలో నిలబెట్టాడు. మట్టిని గది ముందు కుప్ప పోశాడు.

"మట్టిలో ఎట్టమంది గానీ, ఎక్కడి మట్టిలోనో సెప్పనేదు" అన్నాడు, నా వైపు చూడకుండా.

అసిరి ఒక్క క్షణం చూసి, లోపలికి వెళ్ళి తన మిరపతొట్టి తెచ్చి గుమ్మరించింది. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పలేదు. వంగతొట్లు, బచ్చలితొట్లు, కరివేపాకు, ఒక ముసలాయన దాచుకున్న తులసి. నేలంటే ఎలా ఉంటుందో పసిపిల్లలకి తొక్కి చూపించడానికి దాచిన చాటెడు ఇసక కూడా వచ్చింది. ఊళ్ళో మొక్కలన్నీ తడి గుడ్డల్లో పడుకున్నాయి. మట్టంతా అమ్మమ్మ చుట్టూ చేరింది.

పాత వలలో చీర పరిచి, ఆమెని పడుకోబెట్టి, నిండా మట్టి పోశాం. మామ మొదటి పిడికిలి వేశాడు. మొహం, ఒక చెయ్యి మాత్రం వదిలాం. చివర్లో మామ నిమ్మకాయ తెంపి ఆవిడ చేతిలో పెట్టాడు.

"తీస్కోయే అమ్మా. మాగింది."

గుంట తిరిగే చోటనే, పలక పక్కన, తాళ్ళతో దించాం. పెట్టె ఇంకా పిలుస్తోంది. వదిన నిద్రలోంచి కదిలి వచ్చింది. మేం తాళ్ళు వదలకముందే నుదురు కిందపెట్టి బరువు తను తీసుకుంది. మేం వదిలాం.

చీర అంచుల్లోంచి మట్టి కొంచెం కొంచెం నీళ్ళలో కలిసి, ఎర్రటి మబ్బులా వాళ్ళ చుట్టూ విచ్చుకుంది. ఆ మబ్బులో వాళ్ళు నెమ్మదిగా తిరిగారు. వదిన నుంచి ఒంటిగీత, ఒంటిగీత నుంచి సన్నతోక. ఒక్కొక్కరూ ఆవిడని తాకారు. గుంటని తల్లి ముందుకి తోసింది. అది మూతితో అమ్మమ్మ పాదాల దగ్గర తాకి, వెనక్కి తప్పుకుంది. ఎంతసేపు అలా జరిగిందో నాకు తెలియదు. పైన మేమంతా బోర్లా పడుకుని ఉన్నాం, అలల మీద మా తలలు ఊగుతున్నాయి, నిద్రకీ మెలకువకీ మధ్య ఉన్నట్టు ఉంది.

అప్పుడు చెవిలో ఒక్కొక్క పేరే వెలిగింది. సన్నతోక. ఒంటిగీత. మిగతావాళ్ళు. అందరిలోకీ చివర వదిన. అందరూ పలికింది ఒకటే, అమ్మమ్మ పిలుపు. మనిషికి ఒక్కసారి.

మామ లేచి వెళ్ళి పెట్టె ఆపాడు. మేం తాళ్ళు గట్టిగా పట్టుకుని కూర్చున్నాం. ఈసారి ఏ తెప్పా లేవలేదు. వదిన అమ్మమ్మని నుదుటి మీద పెట్టుకుని కిందికి దిగింది. ఎర్ర మబ్బు కూడా ఆవిడ వెనకే కాస్త దూరం వెళ్ళింది.

7. నీళ్ళు: ఉడుకు. గాలి: దక్షిణం. పిల్ల: కింద రాస్తున్నాను.

మట్టిపడవ వచ్చింది. బస్తాలు దించి, తీసుకెళ్ళాల్సిన మనిషి ఏదని పడవవాళ్ళు అడిగారు.

"మట్టి పడిపోయింది" అన్నాడు మామ. నిమ్మచెట్టు ఆకులు సగం రాల్చింది గానీ, కొమ్మ గీరితే పచ్చగానే ఉంది.

వదిన కుటుంబం దక్షిణానికి తిరిగి నిలబడింది. ప్రయాణం ముందు ఒకసారి మేత కోసం దూరంగా, చల్లటి లోతు ఉన్న చోటికి అందరూ కలిసి దిగాలి. గుంటకి కాపు కావాలి. అమ్మమ్మ లేదు. నా మీద నమ్మకం ఉంచుతారా అనుకుంటూ పలక ముందు కూర్చుని నా పిలుపు కొట్టాను. ఎప్పటిలాగే ఎవరూ పలకలేదు. కానీ ఒంటిగీత గుంటని మా తెప్ప దాకా తెచ్చి, వదిలి, వెనక్కి చూడకుండా వెళ్ళింది. అందరి తోకలూ ఒకేసారి లేచి, ఒకేసారి మునిగాయి. నాకు అంతకన్నా ఏం కావాలి? నీళ్ళలోకి చూస్తూ కొడుతూ కూర్చున్నాను. ఉన్నాను, ఉన్నాను.

వాళ్ళు తిరిగొచ్చారు. గుంట ఒంటిగీత కిందికి దూరి కడుపునిండా తాగింది. పాలు నీళ్ళలోకి కూడా కారి తెల్లగా కనిపించాయి. అసిరి చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత గుంట పైకి వచ్చి, నా పలక ఎదురుగా ఆగింది. ఇన్ని రోజులకి నోరు విప్పింది.

అవతలి తెప్ప మీంచి కొర్లయ్య మామ కేక వినిపించింది. తొట్లు దాటుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. చేతులకి కొత్త మట్టి ఉంది.

"ఎవుర్రా ఆ పెట్టి మళ్ళీ ఎట్టినోలు? మట్టి పడిపోయిందని సెప్పినాను కదా! మాయమ్మ ఇక్కడే తిరగాలేటి ఇంకా?"

"ఎవరూ ఎట్టనేదు మావా" అన్నాను.

పెట్టె ఆయన పక్కనే ఉంది, మూత బిగించి, తీగలు పీకేసి. ఆయన దాన్ని చూశాడు. నీళ్ళలోకి చూశాడు. గుంట కూడా ఆయన్నే చూస్తూ మళ్ళీ పలికింది. పాలు తాగిన ఉత్సాహంలో కాస్త తడబడుతూ, మూడు నిదానంగా, కాస్త ఆగి, రెండు గబగబా. వదిన వెంటనే బదులిచ్చింది. చెవిలో కొత్త పేరు కోసం ఖాళీ గడి వెలిగింది. ఏం రాయాలో తెలియక నా వేలు ఆగిపోయింది.

మామ మోకాళ్ళ మీద కూర్చుని, మట్టి చేతిని నీళ్ళలో ముంచాడు.

"రాయే" అన్నాడు. "దాలమ్మ అని రాయి."